వర్జీనియా స్టేట్ సెనేట్, మన డిస్ట్రిక్ట్: తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, స్టోన్ రిడ్జ్. లౌడన్ కౌంటీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఈ చోట్ల, ఎన్నికల సీజన్ వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ప్రతిసారీ కొత్తగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణగా 32వ స్టేట్ సెనేట్ డిస్ట్రిక్ట్‌ని (అంటే నియోజకవర్గాన్ని) తీసుకున్నాను గానీ, వర్జీనియాలో మిగతా 39 డిస్ట్రిక్టులకీ రూల్స్ ఇవే. ఏ పార్టీకి వెయ్యాలో మాత్రం అడక్కండి, చెప్పను.

స్టేట్ సెనేటర్ అంటే వాషింగ్టన్‌లో ఉండే సెనేటరేనా?

కాదు. వాషింగ్టన్‌లో ఉండే యూ.ఎస్. సెనేట్ దేశం మొత్తానిది, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున అందులో 100 మంది. మనం మాట్లాడుకుంటున్నది రిచ్‌మండ్‌లో కూర్చునే రాష్ట్ర శాసనసభ గురించి. దానికి రెండు సభలు: 100 మంది ఉండే హౌస్ ఆఫ్ డెలిగేట్స్, 40 మంది ఉండే సెనేట్. ఒక్క నెబ్రాస్కాలో తప్ప అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఇలాగే రెండు సభలున్నాయి.

మనవాళ్ళు డెలిగేట్‌ని ఎమ్మెల్యే అని, సెనేటర్‌ని ఎమ్మెల్సీ అని చెప్పేస్తుంటారు. మొదటిది ఫర్వాలేదు. రెండోది నమ్మితే మాత్రం దారి తప్పుతారు. మన శాసన మండలికి ఎమ్మెల్యేలు కొందరిని, పట్టభద్రులు కొందరిని, టీచర్లు కొందరిని, స్థానిక సంస్థలవాళ్ళు కొందరిని ఎన్నుకుంటారు, గవర్నరు ఇంకొందరిని నామినేట్ చేస్తారు. మామూలు ఓటరుకి అందులో నేరుగా చెప్పుకోదగ్గ పాత్ర లేదు. పైగా మండలి బిల్లుని కొన్నాళ్ళు ఆపగలదు గానీ చంపలేదు. అసలు మండలినే ఎత్తేయొచ్చు కూడా: ఆంధ్రప్రదేశ్‌లో 1985లో రద్దయి 2007లో మళ్ళీ వచ్చింది. వర్జీనియా సెనేటర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. సెనేట్ కాదంటే బిల్లు అక్కడితో ఆఖరు, కింది సభ ఎంత మెజారిటీతో పంపినా సరే. ఒక్క సంఖ్య మాత్రం కలిసింది, తెలంగాణ మండలిలోనూ 40 మందే.

32వ డిస్ట్రిక్ట్ ఎక్కడుంది? మా ఇల్లు అందులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

లౌడన్ కౌంటీ తూర్పు భాగంలో ఉంది. కానీ ఊరి పేరు పట్టుకుని ఊహించకండి. పిన్‌కోడ్ ఒకటే అయినా డిస్ట్రిక్ట్ వేరు కావచ్చు. వర్జీనియా ఎన్నికల శాఖ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొడితే సెనేట్ డిస్ట్రిక్ట్, హౌస్ డిస్ట్రిక్ట్, కాంగ్రెస్ డిస్ట్రిక్ట్, పోలింగ్ కేంద్రం అన్నీ వస్తాయి. ఈ మూడు డిస్ట్రిక్టుల నంబర్లకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు.

ఒక్కో డిస్ట్రిక్ట్‌లో ఎంతమంది ఉంటారు?

2020 జనాభా లెక్కల్లో వర్జీనియా జనాభా 86,31,393. దాన్ని 40తో భాగిస్తే సుమారు 2 లక్షల 15 వేలు. తెలంగాణలో ఒక ఎమ్మెల్యేకి, 2011 లెక్కల ప్రకారమే, దాదాపు 3 లక్షల మంది వస్తారు. అంటే ఇక్కడి సెనేటర్ నియోజకవర్గం మన ఎమ్మెల్యే నియోజకవర్గం కంటే చిన్నది. మన దగ్గర ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే జనం పోగవుతారు. ఇక్కడ సెనేటర్ ఆఫీసుకి ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు.

ఈ సమానంగా పంచడం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1960ల దాకా జనం ఆర్లింగ్టన్, ఫెయిర్‌ఫాక్స్ లాంటి చోట్ల పెరిగిపోతున్నా సీట్లు మాత్రం పల్లెల వైపే ఎక్కువ ఉండేవి. దాని మీద కేసు వేస్తే 1964 జూన్‌లో యూ.ఎస్. సుప్రీంకోర్టు డేవిస్ వర్సెస్ మన్ తీర్పులో, రాష్ట్ర శాసనసభ రెండు సభలకీ సీట్లు జనాభాని బట్టే ఉండాలని తేల్చి చెప్పింది. ఉత్తర వర్జీనియాకి ఇప్పుడున్న బలం ఆ తీర్పు పెట్టిన భిక్షే.

నేను హెచ్-1బి మీద ఉన్నాను, ఓటు లేదు. నాకెందుకు ఇదంతా?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

డిస్ట్రిక్టులు గీసేటప్పుడు లెక్కలోకి తీసుకునేది ఓటర్లని కాదు, మనుషులని. సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు అయినా, హెచ్-1బి అయినా, హెచ్-4 మీద ఉన్న భార్య అయినా, ఉయ్యాల్లో ఉన్న బిడ్డ అయినా, ఇక్కడ నివాసం ఉన్న ప్రతి మనిషీ ఒక్కటిగా లెక్క. ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు మాత్రం రారు, వాళ్ళ నివాసం ఇండియానే కాబట్టి. టెక్సస్‌లో ఇద్దరు ఓటర్లు దీన్ని సవాలు చేశారు. సెనేట్ డిస్ట్రిక్టుల్ని ఓటర్ల సంఖ్యని బట్టే గీయాలి, మొత్తం జనాన్ని లెక్కేస్తే మా ఓటు విలువ తగ్గిపోతోంది అని వాళ్ళ వాదన. 2016లో ఎవెన్‌వెల్ కేసులో సుప్రీంకోర్టు ఎనిమిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద ఆ వాదనని తోసిపుచ్చారు. ఓటు లేనివాళ్ళకి కూడా స్కూళ్ళతో పని ఉంటుంది, ప్రతినిధితో పని ఉంటుంది అన్నది ఆ తీర్పు సారాంశం.

అంటే యాష్‌బర్న్‌కి ఆ సీటు వచ్చిందంటే అందులో మీ తల కూడా ఒకటి. మీ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అడ్రస్ అడుగుతారు, పాస్‌పోర్టు రంగు అడగరు. హక్కుగా అడగండి. ఓటు లేదు కాబట్టి మాట కూడా లేదని మనకి మనమే అనేసుకుంటున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో కోణం కూడా ఉంది. మన వీధిలో ఓటు లేనివాళ్ళు ఎంత ఎక్కువ ఉంటే, ఓటున్న నలుగురి ఓటు బరువు అంత పెరుగుతుంది. సిటిజన్‌షిప్ వచ్చాక కూడా ఇంట్లో కూర్చునేవాళ్ళు తమ ఒక్క ఓటే కాదు, పక్కింటివాళ్ళ మాట కూడా పోగొడుతున్నట్టు.

స్టేట్ సెనేటర్ చేతిలో నిజంగా ఏముంటుంది?

వర్జీనియాలో కౌంటీలకి సొంత అధికారం చాలా తక్కువ. రాష్ట్రం ఇచ్చిన అధికారమే వాళ్ళకి ఉంటుంది, ఇవ్వనిది లేనట్టే. దీన్ని డిలన్ రూల్ అంటారు. మీరు కౌంటీ సూపర్‌వైజర్ (కౌంటీ పాలక మండలి సభ్యుడు) దగ్గరకి వెళ్ళి ఏదైనా అడిగితే, “మాకు ఆ అధికారం లేదండీ, రిచ్‌మండ్ ఇవ్వాలి” అని జవాబొస్తే అది తప్పించుకోవడం కాకపోవచ్చు, నిజమే కావచ్చు.

డల్లెస్ గ్రీన్‌వే సంగతి చూడండి. డల్లెస్ ఎయిర్‌పోర్టు దగ్గర నుంచి లీస్‌బర్గ్ దాకా 14 మైళ్ళ రోడ్డు, 1995లో తెరిచారు, ప్రైవేటుది. ఆ టోల్ కట్టలేక పక్క రోడ్ల మీద సిగ్నల్ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగుతూ ఆఫీసుకి పోయేవాళ్ళు మనలో బోలెడంతమంది. టోల్ పెంచాలంటే కంపెనీ స్టేట్ కార్పొరేషన్ కమిషన్ దగ్గరకి వెళ్ళాలి. ఆ కమిషన్ ఏమేం చూసి ఒప్పుకోవాలి అన్నది రిచ్‌మండ్ చేసే చట్టం. 2021లో, అప్పట్లో డెలిగేట్‌గా ఉన్న సుహాస్ సుబ్రమణ్యం గారి బిల్లుతో ఆ రూల్స్ బిగిశాయి. ఆ కమిషన్‌లో ఉండే ముగ్గురినీ ఎన్నుకునేది కూడా శాసనసభే.

జడ్జీలూ అంతే. దేశం మొత్తం మీద శాసనసభ జడ్జీల్ని ఎన్నుకునే రాష్ట్రాలు రెండే, వర్జీనియా, సౌత్ కరోలినా. మీ విడాకుల కేసో, ఆస్తి తగాదానో వినే సర్క్యూట్ జడ్జిని ఎనిమిదేళ్ళకి, వర్జీనియా సుప్రీంకోర్టు జడ్జిని పన్నెండేళ్ళకి మీ సెనేటర్ లాంటివాళ్ళు ఓటేసి కూర్చోబెడతారు. ఈ సంగతి ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళకి కూడా తెలియదు.

డేటా సెంటర్ల గురించి కూడా అడుగుతుంటారు. మీ ఇంటి వెనకాల కట్టాలా వద్దా అన్నది కౌంటీ జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్. వాటికి సేల్స్ టాక్స్ మినహాయింపు ఇచ్చింది మాత్రం రాష్ట్రం. ఎవరిని ఏం అడగాలో తెలుసుకుని అడగండి.

కార్ టాక్స్ తీసేస్తామని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, ఎప్పటికీ పోదేం?

సొంత కారు విలువ మీద కౌంటీ వేసే పన్ను ఇది. ఏడాదికి రెండుసార్లు ఆ బిల్లు వచ్చినప్పుడల్లా అందరికీ కడుపు మండుతుంది, నిజమే. 1997లో జిమ్ గిల్‌మోర్ గారు కార్ టాక్స్ రద్దు అన్న ఒకే నినాదంతో గవర్నర్‌గా గెలిచారు. ఆ టాక్స్ కౌంటీ ఆదాయం కాబట్టి, రద్దు చేస్తే ఆ డబ్బు రాష్ట్రం కట్టాలి. ఖర్చు చేయి దాటిపోతుంటే, రాష్ట్రం ఇచ్చే సాయానికి ఏడాదికి 95 కోట్ల డాలర్లని పరిమితి పెట్టారు. కార్ల ధరలు పెరుగుతున్నాయి, ఆ మొత్తం పెరగలేదు. అందుకే మీ బిల్లులో రాయితీ శాతం తగ్గుతూ వస్తుంది. ఈసారి ఎవరైనా తలుపు తట్టి “కార్ టాక్స్ ఎత్తేస్తాం” అంటే, కౌంటీకి ఆ డబ్బు ఎక్కణ్ణించి తెస్తారో అడగండి.

వీసా, గ్రీన్ కార్డు క్యూ విషయంలో స్టేట్ సెనేటర్ సాయం చేస్తారా?

చెయ్యలేరు. ఇమ్మిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానిది. కేసు ఇరుక్కుపోయినా, పాస్‌పోర్టు ఆలస్యమైనా మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాయండి. డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసు), కాలేజీలో ఇన్-స్టేట్ ఫీజు రూల్స్, రాష్ట్ర రోడ్లు, ప్రొఫెషనల్ లైసెన్సులు, ఇవి సెనేటర్ పరిధిలోవి.

ఎన్నిక ఎప్పుడు? ప్రెసిడెంట్ ఎన్నికతో పాటేనా?

కాదు, చిక్కంతా అక్కడే. వర్జీనియాలో రాష్ట్ర ఎన్నికలు బేసి సంవత్సరాల్లో జరుగుతాయి. న్యూజెర్సీ, లూసియానా, మిసిసిపీలది కూడా ఇదే పద్ధతి. సెనేటర్లు 40 మందినీ ఒకేసారి నాలుగేళ్ళకి ఎన్నుకుంటారు: 2019, 2023, తర్వాతది 2027 నవంబర్ 2న. డెలిగేట్లకి రెండేళ్ళకోసారి. టీవీలో ట్రంప్ ఉండడు, హడావుడి ఉండదు, జనం మర్చిపోతారు. 2024లో వర్జీనియాలో దాదాపు 70 శాతం ఓటేస్తే, అంతకు ముందు ఏడాది సెనేట్ మొత్తానికీ ఎన్నిక జరిగినప్పుడు 40 శాతం చుట్టూ ఆగిపోయింది.

ఎన్నికల రోజు రాష్ట్రంలో సెలవే. 2020లో లీ-జాక్సన్ డే అనే పాత సెలవుని తీసేసి దీన్ని పెట్టారు. ప్రైవేటు కంపెనీలు ఇవ్వాలనేమీ లేదు గానీ, పోలింగ్ పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకా ఉంటుంది. దానికి 45 రోజుల ముందు నుంచే ఎర్లీ ఓటింగ్ ఉంటుంది. కాబట్టి డెడ్‌లైన్ ఉంది, డిప్లాయ్‌మెంట్ ఉంది అన్న సాకు చెల్లదు.

2025 జనవరిలో చలికాలంలో ఎన్నిక ఎందుకు జరిగింది?

అది ఉప ఎన్నిక. 2023లో 32వ డిస్ట్రిక్ట్ నుంచి గెలిచిన సుహాస్ సుబ్రమణ్యం గారు 2024 నవంబర్‌లో కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. సెనేట్ సీటు ఖాళీ అయింది. దానికి అప్పటి 26వ హౌస్ డిస్ట్రిక్ట్ డెలిగేట్ కణ్ణన్ శ్రీనివాసన్ గారు పోటీ చేశారు. దాంతో ఆయన డెలిగేట్ సీటుకి కూడా అదే రోజు ఎన్నిక పెట్టారు. 2025 జనవరి 7న రెండూ జరిగాయి. ముందు రోజే మంచు తుఫాను. రోడ్ల పక్కన గుట్టలుగా మంచు, స్కూళ్ళు మూత. ఓటు వెయ్యాలంటే ముందు డ్రైవ్‌వే తవ్వుకోవాలి.

అంత చలిలో అంత పట్టుదల ఎందుకంటే, అప్పటికి సెనేట్‌లో డెమొక్రాట్లు 21, రిపబ్లికన్లు 19. ఈ ఒక్క సీటు మారితే 20-20. సమానమైతే నిర్ణాయక ఓటు సెనేట్‌కి అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్‌ది, అప్పుడు ఆ పదవిలో ఉన్న విన్సమ్ అర్ల్-సియర్స్ గారు రిపబ్లికన్. కింది సభలో బలాబలాలు 51-49, అక్కడా ఒక్క సీటు మారితే 50-50. అంటే రాష్ట్రం మొత్తం ఎటు ఒరుగుతుందో మన సబ్‌డివిజన్ల (ఇళ్ళ కాలనీల) చేతిలో ఉంది. చివరికి శ్రీనివాసన్ గారు టుమే హార్డింగ్ గారి మీద గెలిచారు. డెలిగేట్ సీటులో జె.జె. సింగ్ గారు, రామ్ వెంకటాచలం గారు తలపడితే సింగ్ గారు గెలిచారు. రెండు సీట్లూ డెమొక్రాట్ల దగ్గరే ఉండిపోయాయి.

తర్వాతి రోజే సమావేశాలు మొదలవ్వాలి. తీరా చూస్తే తుఫానుకి రిచ్‌మండ్ నీటి సరఫరా ప్లాంటు దెబ్బతిని ఊరు ఊరంతా కుళాయి నీళ్ళు లేవు. శాసనసభ మొదటి రోజు కలిసి వెంటనే 13వ తేదీకి వాయిదా వేసుకుంది.

సెనేట్‌కి అధ్యక్షత వహించేది హైదరాబాద్ అమ్మాయి అంటున్నారు, నిజమా?

నిజమే. లెఫ్టినెంట్ గవర్నర్ గజాలా హష్మీ గారు 1964లో హైదరాబాద్‌లో పుట్టారు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే కుటుంబం జార్జియాకి వచ్చేసింది. దాదాపు మూడు దశాబ్దాలు వర్జీనియాలో కాలేజీ పాఠాలు చెప్పారు. 2019లో రిచ్‌మండ్ దగ్గర 10వ సెనేట్ డిస్ట్రిక్ట్‌లో అప్పటి సెనేటర్ గ్లెన్ స్టర్టెవంట్ గారిని ఓడించారు. వర్జీనియా సెనేట్‌లో మొదటి ముస్లిం, మొదటి భారత సంతతి సభ్యురాలు ఆవిడే. 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లో 2023 నుంచి అదే పదవిలో ఉన్న అరుణా మిల్లర్ గారు కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే, పైగా తెలుగువారు.

హష్మీ గారి గురించి చదివేటప్పుడు ఒక గందరగోళం: 2019లో 10వ డిస్ట్రిక్ట్, 2023లో 15వది అని ఉంటుంది. ఆవిడ ఊరు మారలేదు, గీతలూ నంబర్లూ మారాయి.

ఆ గీతలు ఎవరు గీస్తారు?

పదేళ్ళకోసారి, జనాభా లెక్కల తర్వాత. గతంలో శాసనసభే గీసుకునేది, అధికారంలో ఉన్న పార్టీ తనకి కావలసినట్టు. విసిగిపోయిన ఓటర్లు 2020 నవంబర్‌లో మూడింట రెండొంతుల మెజారిటీతో రాజ్యాంగ సవరణ చేసి ఒక కమిషన్ పెట్టారు: 16 మంది, ఎనిమిది మంది శాసనసభ్యులు, ఎనిమిది మంది మామూలు పౌరులు, రెండు పార్టీలకీ సమానంగా. వినడానికి చక్కగా ఉంది కదా. 2021లో మొదటిసారి కూర్చున్నారు. ఒక్క మ్యాప్ మీద కూడా ఒప్పందం కుదరక చేతులెత్తేశారు.

సవరణలో ముందే రాసిన ప్రకారం పని వర్జీనియా సుప్రీంకోర్టుకి పోయింది. కోర్టు ఇద్దరు నిపుణుల్ని పెట్టింది: డెమొక్రాట్లు సూచించిన వాళ్ళలోంచి బెర్నార్డ్ గ్రోఫ్‌మన్, రిపబ్లికన్లు సూచించిన వాళ్ళలోంచి షాన్ ట్రెండీ. ఆ ఇద్దరూ కలిసి గీసిన మ్యాప్‌ని 2021 డిసెంబర్ 28న కోర్టు ఆమోదించింది. సెనేటర్ల ఇళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళు పట్టించుకోలేదు. ఫలితంగా ఏళ్ళ తరబడి కుర్చీలో ఉన్నవాళ్ళు ఒకే డిస్ట్రిక్ట్‌లో ఇద్దరేసి వచ్చి పడ్డారు. 2023 వచ్చేసరికి కొందరు ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓడారు, 1980 నుంచి సెనేట్‌లో ఉన్న డిక్ సాస్లా గారి లాంటివాళ్ళు పోటీయే మానుకున్నారు. కమిషన్ విఫలమైంది గానీ, నా లెక్క ప్రకారం మ్యాప్ బాగానే వచ్చింది.

మన దగ్గర 2014 విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్ సీట్లని 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచుతామని రాసుకుని ఇంకా ఎదురుచూస్తున్న సంగతి గుర్తుంటే, పదేళ్ళకోసారి ఖచ్చితంగా గీయడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ప్రైమరీలో ఓటెయ్యాలంటే పార్టీ సభ్యత్వం ఉండాలా?

అక్కర్లేదు. వర్జీనియాలో ఓటరుకి పార్టీ రిజిస్ట్రేషనే లేదు. రెండు పార్టీల ప్రైమరీలూ ఒకే రోజు జరిగితే మీకు నచ్చిన ఏదో ఒకదాంట్లో వెయ్యొచ్చు, రెండిట్లో కుదరదు. ఉప ఎన్నికలప్పుడు టైమ్ ఉండదు కాబట్టి పార్టీలు సొంతంగా ఫైర్‌హౌస్ ప్రైమరీ పెట్టుకుంటాయి. నాలుగైదు చోట్ల, కొన్ని గంటలపాటు, చాలా తక్కువ ప్రచారంతో జరిగిపోతుంది. ఒక పార్టీ బలంగా ఉన్న డిస్ట్రిక్ట్‌లో అసలు ఎన్నిక అదే. నవంబర్‌లో వేసేది దాదాపు సంతకం లాంటిదే. మనవాళ్ళు ఎక్కువగా మిస్ అయ్యేది కూడా దాన్నే.

ఓటు వేసే పద్ధతి ఎలా ఉంటుంది? ఈవీఎం ఉంటుందా?

ఉండదు. టచ్ స్క్రీన్ మెషీన్లని వర్జీనియా 2017లో పక్కన పడేసింది. గుర్తులుండవు, రెండు పార్టీల ఏనుగూ గాడిదా కూడా కనిపించవు. కాగితం మీద పేరు పక్కనున్న చిన్న గుండ్రాన్ని పెన్నుతో పూర్తిగా నింపి, మీ చేత్తోనే స్కానర్‌లో పెట్టాలి. సెనేటర్, డెలిగేట్ పేర్ల దగ్గర పార్టీ రాసి ఉంటుంది. స్కూల్ బోర్డు, సూపర్‌వైజర్ల దగ్గర ఉండదు. బయట 40 అడుగుల అవతల నిలబడి రెండు పార్టీలవాళ్ళూ శాంపిల్ బ్యాలట్ పంచేది అందుకే. పేరు రిజిస్టర్ అయిందో లేదో డౌట్ ఉంటే కూడా వెనక్కి రాకండి. 2022 అక్టోబర్ నుంచి అక్కడికక్కడే రిజిస్టర్ అయి ప్రొవిజనల్ బ్యాలట్ వెయ్యొచ్చు, తర్వాత అర్హత సరిచూసి లెక్కిస్తారు.

గుండ్రం నింపేటప్పుడు జాగ్రత్త. 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లో 94వ హౌస్ డిస్ట్రిక్ట్‌లో రీకౌంట్ చేస్తే షెల్లీ సైమండ్స్ గారు ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ముగ్గురు జడ్జీల ముందుకి ఒక బ్యాలట్ వచ్చింది. దాని మీద ఆ ఓటరు ఇద్దరి పేర్ల దగ్గరా గుండ్రాలు నింపి, ఒకదాని మీద అడ్డగీత గీశాడు. అది డేవిడ్ యాన్సీ గారి ఓటేనని జడ్జీలు తేల్చారు. ఇద్దరికీ 11,608. ఇక లాటరీ. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో, పేర్లు రాసిన చీటీల్ని కెమెరా ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన పింగాణీ గిన్నెలో వేసి తీశారు. యాన్సీ గారి పేరు వచ్చింది. సభ 50-50 అవ్వాల్సింది కాస్తా 51-49 అయింది. సైమండ్స్ గారు 2019లో మళ్ళీ నిలబడి గెలిచారు, అది వేరే సంగతి.

మా అమ్మకి సిటిజన్‌షిప్ వచ్చింది, ఇంగ్లీషు చదవలేదు. తెలుగులో బ్యాలట్ దొరుకుతుందా?

వర్జీనియాలో తెలుగు బ్యాలట్ లేదు. కానీ చదవలేనివాళ్ళు తమకి నచ్చిన మనిషిని సాయం తెచ్చుకోవచ్చని ఫెడరల్ చట్టమే చెప్తోంది. ఆవిడ యజమాని గానీ, యూనియన్ ప్రతినిధి గానీ కాకపోతే చాలు. మీరు వెళ్ళొచ్చు. అక్కడ ఒక చిన్న ఫారం నింపిస్తారు. పేర్లు చదివి చెప్పండి, ఎవరికి వెయ్యాలో మాత్రం అమ్మనే చెప్పనివ్వండి. ఇండియాలో ముప్పై నలభై ఏళ్ళు ఓటేసిన ఆవిడకి మీకంటే బాగానే తెలుసు.

డీఎంవీలో ఓటరుగా రిజిస్టర్ అవుతారా అని స్క్రీన్ మీద వచ్చింది. అవునని కొట్టాను, నాకు గ్రీన్ కార్డే ఉంది. ఏం చెయ్యాలి?

వెంటనే లాయర్‌తో మాట్లాడండి, ఓటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెయ్యకండి. సిటిజన్ కానివాళ్ళు ఓటేస్తే నేరం. రిజిస్టర్ అయ్యారన్న మాట కూడా రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తు దగ్గర పెద్ద గుదిబండ అవుతుంది, ఆ ఫారంలో ఆ ప్రశ్న నేరుగా అడుగుతారు. లైసెన్సు రెన్యూ చేసుకునేటప్పుడు తొందరలో ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుతూ పోకండి. ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఓటు లేనివాళ్ళు చందా ఇవ్వొచ్చా? ప్రచారం చెయ్యొచ్చా?

గ్రీన్ కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వాళ్ళు ఏ స్థాయి ఎన్నికకైనా ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. ఫ్రెండ్ కార్డు మీద ఇచ్చి తర్వాత అతనికి జెల్ (Zelle)లో ఆ డబ్బు పంపడం ఇంకా తప్పు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పని చెయ్యడం మాత్రం ఎవరికైనా కుదురుతుంది. ఇళ్ళకి వెళ్ళి తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చెయ్యొచ్చు.

వర్జీనియాలో ఇంకో విశేషం, రాష్ట్ర అభ్యర్థులకి ఇచ్చే చందాకి పరిమితి లేదు. కంపెనీలు కూడా ఎంతైనా ఇవ్వొచ్చు, వాళ్ళ మీద చట్టాలు చేసేవాళ్ళకే. నాకైతే ఇది బొత్తిగా మింగుడుపడదు.

సెనేటర్‌గా పోటీ చెయ్యాలంటే ఏం కావాలి?

21 ఏళ్ళు నిండాలి, వర్జీనియాలో ఏడాదిగా ఉంటూ, ఆ డిస్ట్రిక్ట్‌లో ఓటరై ఉండాలి. అమెరికాలో పుట్టి ఉండాలన్న రూల్ ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్‌లకే. డిస్ట్రిక్ట్ ఓటర్ల సంతకాలు 250 సేకరించాలి. మన దగ్గరలా పులివెందుల మనిషి వైజాగ్‌లో నామినేషన్ వెయ్యడం కుదరదు. జీతం ఏడాదికి 18,000 డాలర్లు. సమావేశాలు జనవరి రెండో బుధవారం మొదలై సరి సంవత్సరంలో 60 రోజులు, బేసి సంవత్సరంలో సాధారణంగా 46 రోజులు నడుస్తాయి. ఆ జీతంతో లౌడన్‌లో డేకేర్ ఫీజు కూడా రాదు. అందుకే వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉండి, రెండు నెలలు సెలవు దొరికేవాళ్ళే ఎక్కువగా నిలబడగలుగుతారు.

సెనేటర్‌తో మన పని ఎలా చేయించుకోవాలి?

ఉగాది ఫంక్షన్‌కి పిలిచి, శాలువా కప్పి, ప్రశంసా పత్రం అందుకుని ఫోటో దిగడంతో మన సంఘాలు ఆగిపోతుంటాయి. ఫోటోకి నేను వ్యతిరేకం కాదు. కానీ ఆ పత్రం ఇవ్వడానికి సెనేటర్‌కి ఖర్చేమీ లేదు, మనకి ఒరిగేదీ లేదు.

బిల్లు బతకడం, చావడం సబ్‌కమిటీలో తేలిపోతుంది. అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు, ఓటు ఉన్నా లేకపోయినా. ఒకటి రెండు నిమిషాలే ఇస్తారు. రిచ్‌మండ్‌కి రెండు గంటల పైనే డ్రైవ్, ఐ-95 మీద ఇంకా ఎక్కువే. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలూ ఉంటుంది, ముందే పేరు ఇచ్చుకోవాలి. ఈమెయిల్ రాస్తే బిల్లు నంబరు, మీ అడ్రస్, మీకు జరిగిన ఒక్క సంగతి రాయండి. గ్రూపులో వచ్చిన మెసేజ్‌ని రెండొందల మంది కాపీ చేసి పంపితే ఆఫీసువాళ్ళు దాన్ని ఒకటిగానే చూస్తారు. కొత్త చట్టం కావాలంటే జనవరిలో అడిగితే ఆలస్యమైనట్టే. బిల్లుల ఆలోచన మొదలయ్యేది అంతకు ముందు వేసవిలో, సెనేటర్ ఊళ్ళోనే ఖాళీగా దొరికేది కూడా అప్పుడే.